చైనా తెల్ల టీలో సారం దిగాలంటే నీళ్లు ఎంత వేడిగా ఉండాలి? (చర్చ)

గోదావరి గట్టు:
హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఈసారి వచ్చేటప్పుడు రెండు రకాల చైనా తెల్ల టీ తెచ్చాడు. ఒకటి విడి ఆకుగా ఉన్న బై ముదాన్, రెండోది బిళ్లగా అదిమిన షౌ మెయి. డబ్బా మీద రాసినట్టు 70 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు ఉంచితే బై ముదాన్ సువాసన బాగానే వస్తున్నది కానీ, నోటికి మాత్రం వట్టి వేడి నీళ్లు తాగినట్టే ఉంటున్నది. పాలు, చక్కెర కలిపిన టీకి అలవాటుపడిన నాలుక కనుక ఇలా అనిపిస్తున్నదా, లేక నేను కాచే తీరు మార్చుకోవాలా? సోంగ్ వంశపు చక్రవర్తి ఒకరు ఈ టీనే మెచ్చుకుంటూ గ్రంథం రాశారని కొట్టువాళ్లు చెప్పారట. అది ఎంతవరకు నిజమో కూడా తెలిసినవారు చెప్పగలరు.

షాంఘై తెలుగువాడు:
చక్రవర్తి సంగతి సగమే నిజమండీ. హుయిజోంగ్ 1107 ప్రాంతంలో రాసిన టీ గ్రంథంలో తెల్ల టీని అన్నిటికన్నా మిన్నగా పొగిడిన మాట వాస్తవమే. అయితే ఆయన చెప్పినది ఎక్కడో అరుదుగా కనిపించే, పాలిపోయిన రంగు ఆకులు వేసే చెట్ల గురించి. ఆ ఆకును ఆవిరి పట్టి, నూరి, బిళ్లలు చేసి, ఆ బిళ్లను మళ్లీ పొడి కొట్టి నీళ్లలో గిలకొట్టి తాగేవారు. మీ డబ్బాలో ఉన్నది వేరు. ఫూజియాన్ ప్రావిన్సులో సముద్రానికి దగ్గరగా ఉన్న ఫూడింగ్‌లోనూ, లోపలి కొండ ప్రాంతమైన జెంగ్‌హెలోనూ బొద్దు మొగ్గలు వేసే దాబై రకాల చెట్లు వ్యాపించిన తరువాత, 19వ శతాబ్దం చివరి భాగంలో ఇప్పటి తెల్ల టీ రూపుదిద్దుకున్నది. కేవలం మొగ్గలతో చేసే బైహావ్ యింజెన్ ముందు వచ్చింది. మొగ్గతో పాటు ఒకటి రెండు ఆకులు కలిసి ఉండే బై ముదాన్ 1920ల నాటిది.

దీని తయారీలో వేయించడం లేదు, ఆవిరి పట్టడం లేదు, ఆకును నలపడం లేదు. వెదురు తట్టల మీద ఒకదానిపై ఒకటి పడకుండా పలుచగా పరిచి, రెండు మూడు రోజులు వాడనిచ్చి, ఆ తరువాత సన్నని సెగ మీద ఆరబెడతారు. చెప్పడానికి ఇంతే అయినా, ఒకసారి పరిచిన ఆకును ఊరికే చేత్తో కదిలిస్తే కందిన చోటల్లా ఎర్రబడుతుంది. గాలిలో తేమ పెరిగితే ఆకు వాడక ముందే నల్లబడుతుంది. ఫూడింగ్‌లో సంప్రదాయంగా ఎండ వాడకం ఎక్కువ, జెంగ్‌హెలో గాలి ఆడే గదుల్లో నీడన వాడబెట్టడం ఎక్కువ. జెంగ్‌హె టీ కొంచెం చిక్కగా, ఫూడింగ్ టీ కొంచెం తేటగా అనిపించడానికి ఇదీ ఒక కారణమని నేను నమ్ముతాను.

మీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉన్నది. ఆకును నలపలేదు కనుక లోపలి కణాలు చాలావరకు చెదరలేదు, అందువల్ల సారం మెల్లగా దిగుతుంది. 70 డిగ్రీలు ఈ ఆకుకు చాలవు.

విశాఖ కెరటం:
నేను పింగాణీ మూతగిన్నె వాడతాను, దానినే చైనావారు గైవాన్ అంటారు. 120 మిల్లీలీటర్లకు 5 గ్రాముల ఆకు, 90 నుంచి 95 డిగ్రీల నీళ్లు, మొదటి విడత అర నిమిషం, ఆపైన విడత విడతకూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. బై ముదాన్ గుల్లగా ఉంటుంది కాబట్టి చెంచాతో కొలిస్తే సగం ఆకు కూడా పడదు. చిన్న త్రాసు ఉంటే తూచి వేయండి. గైవాన్ లేకపోతే మూత ఉన్న స్టీలు గిన్నె, వడగట్టే జాలి సరిపోతాయి. యింజెన్‌ను మాత్రం గాజు గ్లాసులోనే వేసి చూడండి: నూగుతో మెరిసే మొగ్గలు ముందు పైన తేలి, నీళ్లు పీల్చుకున్న కొద్దీ ఒక్కొక్కటే నిటారుగా నిలబడి అడుక్కు దిగుతాయి. మరో మాట, బోరు నీళ్లతో కాస్తే ఈ సున్నితమైన రుచి చచ్చిపోతుంది. ఫిల్టరు నీళ్లు వాడండి.

కూనూరు కొండలు:
యింజెన్ విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉన్నది. 95 డిగ్రీలు పోస్తే పచ్చి దోసకాయను గుర్తుచేసే ఆ లేత వాసన మొదటి విడతలోనే ఎగిరిపోతున్నది. 85 దగ్గర ఆపి, సమయం పెంచడమే మేలని నా అనుభవం.

ఇక తెల్ల టీలో కెఫీన్ ఉండదని పెద్దవాళ్లకు రాత్రిపూట ఇస్తున్నవారిని చూశాను. దయచేసి అలా చేయవద్దు. లేత మొగ్గలోనే కెఫీన్ ఎక్కువ. లేత రంగు చూసి తేలిక అనుకోరాదు. మా నీలగిరిలోనూ, డార్జిలింగ్‌లోనూ తెల్ల టీ చేస్తున్నారు, మంచివి కూడా ఉన్నాయి. అయితే చెట్లు వేరు, గాలి వేరు కనుక ఫూజియాన్ రుచి వాటిలో వెతకకూడదు.

కూకట్‌పల్లి పాఠకుడు:
పాత టీ కొనేవారికి ఒక హెచ్చరిక. "ఏడాదికి టీ, మూడేళ్లకు మందు, ఏడేళ్లకు నిధి" అనే మాట చూపించి, ఇరవై ఏళ్ల నాటిదంటూ నాకు ఒక ఆన్‌లైన్ వ్యాపారి షౌ మెయి బిళ్ల అమ్మారు. ఆకంతా ఒకే తీరున నల్లగా, ముక్క వాసనతో ఉన్నది. నిజంగా నిలవ ఉన్న ఆకులో బూడిద పచ్చ, గోధుమ, ముదురు కపిల రంగులు కలగలిసి కనిపించాలి. ఎండు ఖర్జూరం, మూలికల వాసన రావాలి. చైనా లోపల ఈ టీకి గిరాకీ పెరిగింది గత రెండు దశాబ్దాలలోనే, అంతకుముందు చాలా భాగం ఎగుమతికే పోయేది. అంత పాత సరుకు ఇన్ని చోట్ల ఎలా దొరుకుతున్నదో కొనేముందు ఆలోచించండి.

నిలవకు తేమే శత్రువు. గోదావరి గట్టు గారూ, మీ వైపు వానాకాలంలో డబ్బా మూత వదులుగా ఉంటే ఆకు మెత్తబడుతుంది. గాలి చొరబడని డబ్బాలో, మసాలాలకూ అగరువత్తులకూ దూరంగా, చీకటి అలమరలో ఉంచండి.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. 95 డిగ్రీల నీళ్లతో, తూచి వేసిన ఆకుతో చేస్తే బై ముదాన్ పూర్తిగా మారిపోయింది. గొంతు దిగిన తరువాత కూడా సన్నని తీపి చాలాసేపు నిలిచింది, వగరు దాదాపు లేదు. ఇక షౌ మెయి బిళ్లను ఎలా విడదీయాలి? చేత్తో విరిస్తే పొడి రాలుతున్నది.

షాంఘై తెలుగువాడు:
పై నుంచి పొడవకుండా, బిళ్ల అంచున పొరల మధ్యకు సన్నని దబ్బనం దూర్చి మెల్లగా పైకి లేపండి, ఆకు పొరలు పొరలుగా వస్తుంది. మరిగే నీళ్లు ఒకసారి పోసి వెంటనే వంచేసి, ఆ తరువాత తాగేందుకు మళ్లీ మరిగే నీళ్లే పోయండి. షౌ మెయికి ముదురు ఆకు, కాడ ఎక్కువ కనుక వేడికి భయపడనక్కరలేదు. నాలుగైదు విడతలయ్యాక మిగిలిన ఆకును పారేయకుండా గిన్నెలో వేసి, అర లీటరు నీళ్లతో చిన్న మంట మీద పది నిమిషాలు మరగనివ్వండి. రంగు ముదురు తేనెలా దిగుతుంది. నా వరకు షౌ మెయిలో అన్నిటికన్నా ఇష్టమైన కప్పు అదే.