హిందీ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

సగం_హిందీ అడిగినది:

నాకు హిందీ సగమే వచ్చు. బడిలో చదివిన ముక్కలు, టీవీలో విన్న పాటలు, అంతే. పెద్ద హిట్లని పేరున్నవి మూడు నాలుగు చూశాను. పాటలు బాగున్నాయి, లొకేషన్లు బాగున్నాయి, కానీ వాటిలో ఒక్క మనిషి కూడా నాకు గుర్తు లేడు. తెలుగు డబ్బింగ్‌లో చూస్తే మరీ అంటీ ముట్టనట్టుంది. మా ఫ్రెండేమో "అసలు చూడాల్సినవి నువ్వింకా చూడనే లేదు" అంటున్నాడు. అవేంటి? రెండు మూడు చెప్పండి చాలు. ఎందుకు చూడాలో కూడా చెప్పండి.

పాత_రీలు:

డబ్బింగ్ మాత్రం వద్దండీ. ఈ ఒక్క మాట వినండి. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అర్థం కాకపోతే వెనక్కి తిప్పి చూడండి, కానీ ఆ నటుల గొంతులే వినండి. గొంతు మారితే సగం మనిషి పోయినట్టే.

నన్నడిగితే 'అంకుర్' (1974)తో మొదలుపెట్టండి. డైరెక్టర్ శ్యామ్ బెనెగల్ మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టినవాడు. హైదరాబాద్ దగ్గర ఎల్లారెడ్డిగూడలో తీశాడు. అందులో వినిపించేది బొంబాయి హిందీ కాదు, దక్కనీ. హైదరాబాద్ వాళ్లు "నక్కో", "హౌ" అంటారే, ఆ హిందీ. మీకొచ్చిన సగం హిందీ అక్కడ బాగానే పనికొస్తుంది, చూడండి.

ఒక సీన్ చెప్తాను. పట్నంలో చదివి ఊరికొచ్చిన దొర కొడుకు సూర్య, పనిమనిషి లక్ష్మిని టీ పెట్టమంటాడు. ఆమె కదలదు. వాళ్లు కుమ్మరోళ్లు. తన చేతి టీ దొర తాగుతాడా అని ఆమె సందేహం. అలాంటి పట్టింపు నాకు లేదంటాడతను. ఆ క్షణంలో మనకతను మంచివాడనిపిస్తాడు. బెనెగల్ మనల్ని పట్టుకున్నది అక్కడే. ఆ మంచితనం ఎంతదూరం నడుస్తుందో సినిమా అంతా చూపిస్తాడు. లక్ష్మిగా వేసిన షబానా ఆజ్మీకీ, మూగ భర్త కిష్టయ్యగా వేసిన సాధూ మెహర్‌కీ ఇద్దరికీ జాతీయ అవార్డులొచ్చాయి. ఆఖరి సీన్ గురించి నేనేమీ చెప్పను.

తర్వాత 'ఆనంద్' (1971). అందరూ ఏడిపించే సినిమా అంటారు. నేను అది ఎడిటర్ తీసిన సినిమా అంటాను. హృషీకేశ్ ముఖర్జీ తను డైరెక్టర్ కాకముందు, దర్శకుడు బిమల్ రాయ్ దగ్గర ఎడిటింగ్ చేశాడు. ఏ ముక్క ఎప్పుడు తెర మీదికి రావాలో ఆయన చేతికి తెలుసు. ఆనంద్ చనిపోయాడని మొదట్లోనే చెప్పేస్తాడు, సస్పెన్స్ ఏమీ దాచుకోడు. అయినా చివర్లో, ఆనంద్ పోయాక, టేప్ రికార్డర్ చక్రం తిరుగుతూ అతని గొంతు మళ్లీ వినిపించినప్పుడు నేను ప్రతిసారీ కూర్చున్నచోటే ఉండిపోతాను. నవ్వుల మధ్య ఎప్పుడో రికార్డు చేసుకున్న మాటలవి. అప్పుడు మనం వాటిని పట్టించుకోం. డబ్బింగ్ ఎందుకు వద్దన్నానో ఆ గొంతు విన్నాక మీకే తెలుస్తుంది.

మూడోది బాసు ఛటర్జీ 'రజనీగంధా' (1974). మన్నూ భండారీ కథ. బొంబాయిలో టాక్సీలో హీరోయిన్ దీప, ఆమె పాత ప్రేమికుడు పక్కపక్కనే కూర్చుంటారు, ఇద్దరూ నోరు విప్పరు. వెనక ముకేశ్ పాట. ఆ పాటకే ముకేశ్‌కి జాతీయ అవార్డు వచ్చింది. ఆమె మనసు ఎటు మొగ్గుతోందో ఒక్క డైలాగ్ లేకుండా తెలుస్తుంది.

డెబ్బై_ఎంఎం:

అన్నా, మూడు చెప్పి 'షోలే' వదిలేశారు, ఇది అన్యాయం. మంచి సినిమా అంటే చిన్న సినిమాయేనా? 1975లో వచ్చింది, గుర్రాలు, తుపాకులు, బెంగళూరు దగ్గర రామనగరం రాళ్లు, అంతా పెద్దదే. కానీ అందులో సాయంత్రం జయ్ మెట్ల మీద కూర్చుని మౌతార్గాన్ వాయిస్తుంటాడు, ఎదురుగా పెద్దింట్లో రాధ ఒక్కో దీపం తగ్గించుకుంటూ వెళ్తుంది. వాళ్లిద్దరూ మాట్లాడుకోరు. మీరు చెప్పిన టాక్సీ సీన్‌కి ఇదేం తక్కువ?

పాత_రీలు:

తక్కువేం కాదు తమ్ముడూ, ఆ దీపాల సీన్ నాకూ ప్రాణం. ఆర్.డి. బర్మన్ ఆ చిన్న ట్యూన్‌లో ఒక పెళ్లి కాని పెళ్లి కథంతా చెప్పేశాడు. నేను షోలే చెప్పకపోవడానికి కారణం వేరు. దాని డైలాగులు, గబ్బర్ నవ్వు, నాణెం అన్నీ చూడకముందే అందరికీ తెలిసిపోయి ఉంటాయి. కొత్తగా చూసేవాళ్లు తెలిసినవాటి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, దీపాలు కళ్లముందే ఆరిపోయినా చూడరు. అందుకే నాలుగోదిగా చూడమంటాను.

డబ్బా_ఉత్తరం:

కొత్తవాటిలో ఒకటి: 'ది లంచ్‌బాక్స్' (2013), రితేష్ బత్రా తీసింది. హీరోయిన్ ఇంటి పై అంతస్తులో ఉండే దేశ్‌పాండే ఆంటీ ఒక్కసారీ కనిపించదు, గొంతే వినిపిస్తుంది, తాడు కట్టిన బుట్ట కిందికి దిగుతుంది. సినిమా అయ్యాక ఆమె ముఖం నాకు తెలుసనే అనిపించింది. లంచ్ డబ్బాలో వచ్చిన ఉత్తరాన్ని ఇర్ఫాన్ ఖాన్ మడిచే తీరు కోసమే రెండుసార్లు చూశాను.

సగం_హిందీ:

నిన్న రాత్రి 'అంకుర్' చూశాను. పాత_రీలు గారూ, ఆఖరి సీన్ చెప్పకుండా వదిలేసినందుకు థాంక్స్. కిష్టయ్య పని అడగడానికి వస్తుంటే సూర్య భయపడి కొరడా తీయడం నాకు మింగుడు పడలేదు. తప్పు చేసినవాడికే అంత భయమా! ఆ పిల్లాడు రాయి విసిరి పరిగెత్తాక, నేను మళ్లీ వెనక్కెళ్లి టీ సీన్ చూశాను. అప్పుడు మంచివాడనిపించిన సూర్య ఈసారి అలా అనిపించలేదు. ఆ ముఖంలో ఏం మారలేదు, మారింది నేనే.

ఆదివారం 'రజనీగంధా' చూస్తాను. ఇంకో మాట అడగాలి. పోచంపల్లి నేతవాళ్ల మీద బెనెగల్ 1987లో 'సుస్మన్' తీశారని ఇప్పుడే చదివాను. మా అమ్మమ్మ వాళ్లది మగ్గం ఇల్లు. దాన్ని ఆమెతో కలిసి చూడొచ్చా, లేక ముందు నేనొక్కదాన్నే చూడాలా?

పాత_రీలు:

అమ్మమ్మతోనే చూడమ్మా. మగ్గం కనిపించినప్పుడల్లా ఆపి, అది సరిగ్గా తీశారో లేదో ఆమెను అడుగు. ఆవిడ ఏమన్నారో ఇక్కడొచ్చి తప్పకుండా రాయి.