శ్రీలంక నుంచి మన సైన్యం తిరిగివచ్చిన తీరు న్యాయమేనా?

కృష్ణాతీరం: 1987 జూలైలో భారత్, శ్రీలంక ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందంతో శ్రీలంకకు వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళం, అక్టోబరుకల్లా ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్టీటీఈతో యుద్ధంలో దిగి, 1990 మార్చి 24న ట్రింకోమలీలో చివరి ఓడ ఎక్కింది. తిరిగిరావడం సరైనదే. అయితే మనతో కలిసి పనిచేసిన, ఎల్టీటీఈకి ప్రత్యర్థి అయిన తమిళ సంస్థ ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ వారినీ, మన అండతో ఆ సంస్థ నిలబెట్టిన తమిళ జాతీయ సైన్యంలో బలవంతంగా చేర్చిన కుర్రవాళ్లనూ ఎల్టీటీఈ వాత పడేలా వదిలి రావడం ఏ నీతి?

జవాను కూతురు: శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస 1989 జూలై నెలాఖరుకల్లా వెళ్లిపొమ్మన్నారు. ఆ తర్వాత ఉన్న ప్రతి రోజూ ఆక్రమణే. సుమారు 1,200 మంది జవాన్లు చనిపోయారు. మా నాన్నగారు జాఫ్నాలో కాలు పోగొట్టుకుని వచ్చి, పింఛను కోసం ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగారు. మద్రాసులో దిగిన దళానికి స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి కూడా వెళ్లలేదు. ఇంకా ఎవరి కోసం ఉండాలి?

తెల్లకాగితం: 1987 అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో రోగులూ వైద్యులూ మన సైనికుల కాల్పుల్లో చనిపోయారు. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

కృష్ణాతీరం: ఇంకా ఉండాలని నేను అనలేదు. కానీ మనల్ని వెళ్లగొట్టడానికి ఎల్టీటీఈకి ఆయుధాలు అందించిన ప్రేమదాస ప్రభుత్వం పెట్టిన గడువును ధర్మశాస్త్రంగా చూపకండి.

జవాను కూతురు: ఆ గడువు దాటాక కూడా దాదాపు ఎనిమిది నెలలు ఉన్నాం. చాలదా?

రామాపురం: మనతో పనిచేసిన ఆ తమిళుల్లో కొందరిని ఒడిశాలోని మల్కన్‌గిరికి తీసుకువచ్చారు కదండీ.

కృష్ణాతీరం: కొందరినే తెచ్చారు. బడి ఈడు పిల్లలను కూడా పట్టుకుపోయి తుపాకులిచ్చి నిలబెట్టింది ఆ చివరి నెలల్లోనే. మేడమ్, మీ నాన్నగారి గాయాన్ని అడ్డుపెట్టి ఈ ప్రశ్నను దాటవేయకండి.

జవాను కూతురు: అడ్డుపెట్టడమా? ఆ మాట వెనక్కి తీసుకోండి. అసలు మీరంటున్నది, ఆ కుర్రవాళ్ల ప్రాణమూ మన జవాను ప్రాణమూ ఢిల్లీకి ఒకటే కావాలని. నేను ఒప్పుకోను. పంపిన ప్రభుత్వం ముందుగా తన సైనికులకే రుణపడి ఉంటుంది.

కృష్ణాతీరం: ఆ మాట అనకుండా ఉండవలసింది, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అవును, ఒకటే అంటున్నాను. ఒక పిల్లవాడి చేతికి తుపాకీ అందడానికి మనమే కారణమయ్యాక, వాడు మన దేశం వాడు కాడన్న మాట చెల్లదు.

తెల్లకాగితం: ఢిల్లీ ఎవరెవరికి రుణపడిందో ఇద్దరూ లెక్క కడుతున్నారు. ఆ ఆసుపత్రిలో చనిపోయినవారి కుటుంబాలు మీ ఇద్దరి లెక్కలోనూ లేవు.