గీజర్ సేఫ్టీ వాల్వ్ మార్చినా నీరు కారడం ఆగడం లేదు

హైదరాబాదులోని మా ఫ్లాట్‌లో ఏడేళ్లుగా వాడుతున్న 25 లీటర్ల స్టోరేజ్ గీజర్ ఉంది. దాని చన్నీళ్ల పైపు దగ్గర ఉండే సేఫ్టీ వాల్వ్ (లోపల ఒత్తిడి మితిమీరితే నీటిని బయటికి వదిలేది) గత నెలలో పాడై, సన్నని ధారగా కారసాగింది. విప్పి చూస్తే లోపలి స్ప్రింగు చుట్టూ బోరునీటి ఉప్పు గోరు మందాన గారకట్టి ఉంది. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టినా ఫలితం లేకపోవడంతో, అదే అరంగుళం సైజులో, 8 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలమానం) అని ముద్రించి ఉన్న కొత్త వాల్వ్ తెచ్చి, బాణం గుర్తు గీజర్ వైపు ఉండేలా, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను.

నీరు వేడెక్కి వ్యాకోచించేటప్పుడు కొన్ని చుక్కలు పడటం సహజమేనని తెలుసు కాబట్టి మొదట పట్టించుకోలేదు. అయితే స్విచ్ ఆపి, నీరు పూర్తిగా చల్లారిన తరువాత కూడా నిమిషానికి పదిహేను చుక్కల చొప్పున పడుతూనే ఉన్నాయి. జాయింటు పొడిగానే ఉంది; నీరు వచ్చేది వాల్వ్ పక్కనున్న చిన్న గొట్టం నుంచే. లివర్‌ను నాలుగైదు సార్లు ఎత్తి వదిలితే అరగంట ఆగి, మళ్లీ మొదలవుతుంది. డాబా మీది ట్యాంకు గీజర్‌కు ఆరు మీటర్ల ఎత్తులోనే ఉంది, ప్రెషర్ పంపు లేదు. అంటే చన్నీళ్ల ఒత్తిడి ఒక బార్ కూడా ఉండదు. ప్లంబరు మాత్రం గీజరే మార్చమంటున్నాడు, అది నాకు తొందరపాటుగా తోస్తోంది.

ఇంత తక్కువ ఒత్తిడిలో, చల్లని నీటితో కూడా కొత్త వాల్వ్ కారుతోందంటే, గీజర్ అడుగున పేరుకున్న గార రేణువులు దాని సీటులో (వాల్వ్ మూసుకునే చోట) ఇరుక్కున్నాయా, లేక వాల్వే లోపభూయిష్టమా అన్నది ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?