తప్పు జరిగిన ప్రతిసారీ ఆపరేటర్‌కే రీట్రైనింగా?

సెజ్_పక్కూరు:
జడ్చర్ల, పోలేపల్లి వైపు మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లను అడుగుతున్నా. ఒక్కో బ్యాచ్ మందు ఎలా తయారైందో రాసే కాగితం బ్యాచ్ రికార్డులు పోయి కంప్యూటర్ రికార్డులు వస్తున్నాయి. మా దగ్గర ఏ డీవియేషన్ (రాసిపెట్టిన పద్ధతి తప్పడం) వచ్చినా కారణం 'మానవ తప్పిదం', పరిష్కారం 'రీట్రైనింగ్' అని రాసి ఫైలు మూసేస్తున్నారు. పని రానిది నిజంగా మన పిల్లలకేనా?

క్యూఏ_పాలమూరు:
నేను క్యూఏలో, అంటే నాణ్యత చూసే విభాగంలో ఉన్నా, ఉన్నమాట చెప్తా. డ్రయ్యర్ ఉష్ణోగ్రత అరగంటకోసారి చూసి అప్పుడే రాయాలి. మనోళ్లు షిఫ్ట్ చివర కూర్చుని గళ్లన్నీ ఒకేసారి నింపుతారు. ఆ చేతిరాత చూస్తేనే తెలిసిపోతుంది. చూసినప్పుడే రాయాలన్నది చేరిన రోజే చెప్పే పాఠం. అది పాటించకపోతే మేనేజర్ ఏం చేస్తాడు?

నైట్‌షిఫ్ట్_అన్న:
సార్, ఒక్క మనిషికి రెండు డ్రయ్యర్లు అప్పగించి, మధ్యలో లైన్ క్లియరెన్స్ (పాత బ్యాచ్ సరుకు, కాగితాలు ఏవీ మిగల్లేదని చూడటం) కూడా నన్నే చూడమంటే అరగంటకోసారి ఎవరు రాయాలి? ఒకరాత్రి ఉష్ణోగ్రత లిమిట్ దాటింది, ఉన్నదున్నట్టు రాశాను. పొద్దున మా బాస్ అందరి ముందు తిట్టాడు. లిమిట్ దాటినందుకు కాదు, రాసినందుకు. "ముందు నాకు ఫోన్ చెయ్యాలె గదా, పెన్ను ఎందుకు పట్టినవ్" అన్నాడు. ఆ తర్వాత మా లైన్‌లో ఎవరూ లిమిట్ దాటిన అంకె రాయలేదు. డ్రయ్యర్ మాత్రం అదే.

గద్వాల_బీఫార్మ్:
అరగంటకా? మా దగ్గర గంటకోసారే.

క్యూఏ_పాలమూరు:
అది ప్రొడక్టును బట్టి. బ్యాచ్ రికార్డులో ఎంత ఉంటే అంత. గంట అయినా అరగంట అయినా చివర్లో నింపడం తప్పే.

సెజ్_పక్కూరు:
మళ్లీ అరగంట దగ్గరికే వచ్చారు. 2018 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డేటా ఇంటెగ్రిటీ (రికార్డులు నిజంగా, పూర్తిగా ఉండటం) మీద ఇచ్చిన గైడెన్స్ చూడండి. ఉద్యోగులు సమస్యను బయటపెట్టేలా ప్రోత్సహించే వాతావరణం పైవాళ్లే కల్పించాలని అందులో ఉంది. యూరప్ జీఎంపీ (మందుల తయారీ నియమాలు) మొదటి అధ్యాయమైతే, మానవ తప్పిదం అనే ముందు పద్ధతిలో, సిస్టమ్‌లో లోపాన్ని వదిలేయలేదని చూపించమంటుంది. అన్న నిజం రాస్తే తిట్లు పడ్డాయి. ఆ తిట్లతో లైన్ మొత్తం నేర్చుకున్నది దాచడమే కదా?

క్యూఏ_పాలమూరు:
గైడెన్సులు నాకు చెప్పకండి, ఆడిట్లలో నిలబడేది నేను. కష్టపడి నేర్పితే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని హైదరాబాద్ పోతారు. మళ్లీ కొత్తవాడితో మొదలు. ఎంతమందికని నేర్పాలి?

కొత్తకోట_తమ్ముడు:
జీతం పెంచితే ఎందుకు పోతరు సార్.

నైట్‌షిఫ్ట్_అన్న:
అసలు మీరు ఎవరికి నేర్పారు? కంప్యూటర్ రికార్డు వచ్చినప్పుడు ట్రైనింగ్, లాగిన్ పర్మనెంట్ వాళ్లకే ఇచ్చారు. మేం కాంట్రాక్టు. రాత్రి మిషన్ నడిపేది మేము, స్క్రీన్ మీద పేరు ఇంట్లో నిద్రపోయే సార్‌ది. పాస్‌వర్డ్ ఆయనే చెప్పి పోతాడు. ఈ సెజ్ కోసం భూములు పోయిన ఊళ్ల పిల్లలు ఇన్నేళ్లయినా హెల్పర్లుగానే ఎందుకున్నారు? పని రాకనా? నేర్పితే పర్మనెంట్ అడుగుతారని నేర్పరు.

క్యూఏ_పాలమూరు:
ఒకరి పాస్‌వర్డ్‌తో ఇంకొకరు పనిచేయడం ఎంత పెద్ద తప్పో తెలుసా? ఎవరిచ్చారో నాకు మెసేజ్ పెట్టు.

నైట్‌షిఫ్ట్_అన్న:
పెడితే ఎవరి గేట్‌పాస్ పోతుంది సార్? పాస్‌వర్డ్ ఇచ్చినాయనదా, నాదా?

గద్వాల_బీఫార్మ్:
అమెరికా మందుల తయారీ రూల్ 211.25 చూడండి. తయారీలో ఉన్న ప్రతి మనిషికీ తన పనికి తగిన శిక్షణ ఉండాలంటుంది. పర్మనెంట్, కాంట్రాక్టు అన్న తేడా అందులో లేదు.

క్యూఏ_పాలమూరు:
తేడా లేదు, నిజమే. లాగిన్ లేని మనిషిని మిషన్ దగ్గర నిలబెట్టకూడదు, అది మేనేజ్‌మెంట్ తప్పే. కాంట్రాక్టు వాళ్లను ఎవరు పెట్టుకోవాలి, ఎన్నాళ్లు ఉంచాలి అన్నది మాత్రం క్యూఏ చేతిలో లేదు. షిఫ్ట్ చివర గళ్లు నింపడం ఎవరు చేసినా నేను సంతకం పెట్టను.

నైట్‌షిఫ్ట్_అన్న:
పెట్టకండి. రెండో డ్రయ్యర్ దగ్గరికి ఇంకో మనిషిని ఇవ్వాలని కూడా అదే కాగితం మీద రాయండి.