పన్నెండు లెంగ్తులతో (గుర్రం పొడవులతో) గెలిచిన గుర్రమా, మూడో స్థానంలో వచ్చిన గుర్రమా? మీరైతే ఎలా అంచనా వేస్తారు?

నమస్కారం. మలక్‌పేటలో నాన్నతో రేసులు చూస్తూ పెరిగాను, కానీ అక్కడివన్నీ ఫ్లాట్ రేసులే, అంటే అడ్డంకులు లేనివి. ఇంగ్లాండ్ వచ్చాకే గుర్రాలు అడ్డంకులు దూకే జంప్ రేసింగ్ చూడటం మొదలైంది. ఇప్పుడు అదే ప్రాణం.

ఈ శని, ఆదివారాల్లో చూసిన రెండు నోవిస్ హర్డిల్ గుర్రాలు (చిన్న అడ్డంకుల రేసులకు కొత్తవి) మనసులోంచి పోవట్లేదు. ఒకటి కెంప్టన్‌లో మొదటినుంచీ ముందుండి పన్నెండు లెంగ్తులతో గెలిచింది. అయితే రేసు వేగమే బాగా తక్కువ, వెనక వచ్చినవాటిలో రెండు సరిగ్గా దూకనే లేదు. రెండోది శాండౌన్‌లో మూడో స్థానం. చివరి నుంచి రెండో హర్డిల్ దగ్గర గట్టిగా తడబడింది, అయినా బురదలో అక్కడ చివర్లో ఉన్న ఎత్తెక్కుతూ రెండు గుర్రాలను దాటేసింది. నాకు ఇదే మంచిదనిపిస్తోంది. ఊరికే జాలితో అనుకుంటున్నానేమో అని కూడా అనుమానం.

మార్చిలో జంప్ రేసుల పెద్ద పండగ చెల్టెన్‌హామ్ ఉంది కదా. కెంప్టన్ కుడివైపు తిరిగే చదునైన ట్రాక్. చెల్టెన్‌హామ్ ఎడమవైపు తిరుగుతుంది, చివర్లో ఎత్తు. అలాంటప్పుడు కెంప్టన్ గెలుపుకి ఎంత విలువ ఇవ్వాలి? అదే రోజు, అదే దూరంలో జరిగిన మరో రేసు టైమ్‌తో పోల్చి చూస్తే సరిపోతుందా, మోసిన బరువుల తేడా కూడా లెక్కగట్టాలా?

ఇంకొకటి. హర్డిల్ కనీసం మూడున్నర అడుగులు, ఛేజ్ రేసుల్లో దూకే పెద్ద అడ్డంకి (ఫెన్స్) కనీసం నాలుగున్నర. వచ్చే ఏడాది ఫెన్సులు బాగా దూకుతుందని ఇప్పుడే ఏం చూసి చెప్పొచ్చు? ఒళ్లు, ఎత్తు చూస్తారా, దూకే తీరా?

పందెం కోసం కాదండీ, గుర్రాన్ని చదవడం నేర్చుకోవాలని. అనుభవం ఉన్నవాళ్లు రేసు వీడియోలో ముందుగా ఏం చూస్తారో చెప్తే చాలు.