గ్నూ రేడియో: సొంత బ్లాక్‌కి ప్రతిసారీ వేరే పొడవులో డేటా, ఆడియోలో టిక్కులు, ఆలస్యం

ప్రశ్న:
గ్నూ రేడియో (బ్లాకులు కలిపి సాఫ్ట్‌వేర్‌లో రేడియో కట్టే సాధనం) వెర్షన్ 3.10లో ఎఫ్‌ఎం రిసీవర్. వరస ఇదీ: ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ సోర్స్ (యూఎస్‌బీ రేడియో డాంగిల్, సెకనుకి 24 లక్షల శాంపిల్స్), థ్రాటిల్ (డేటా వేగాన్ని కట్టడి చేసే బ్లాక్), లో పాస్ ఫిల్టర్ (డెసిమేషన్ 10, అంటే పదింటికి ఒక శాంపిల్ మిగులుతుంది), పైథాన్‌లో రాసిన డీమాడ్యులేటర్, మరో లో పాస్ (డెసిమేషన్ 5), 48 కిలోహెర్ట్జ్ ఆడియో సింక్. డీమాడ్యులేటర్ sync రకం బ్లాకే (ఎన్ని శాంపిల్స్ తీసుకుంటే అన్నే ఇస్తుంది; ఆడియో సింక్‌లోని sink వేరు). పక్కపక్క శాంపిల్స్ మధ్య ఫేజ్ తేడా తీసి, చివరి స్థానంలో సున్నా పెడుతుంది. వర్క్ ఫంక్షన్‌కి (డేటా వచ్చినప్పుడల్లా నడిచే భాగం) ఒకసారి 4096 వస్తే ఇంకోసారి వెయ్యి చిల్లర వస్తోంది. టిక్కులు వినిపిస్తున్నాయి, స్టేషన్ మారిస్తే మార్పు ఆలస్యంగా తెలుస్తోంది, టెర్మినల్‌లో ఏయూలు (aU, ఆడియోకి డేటా చాలలేదన్న గుర్తు) పడుతున్నాయి. డేటా ఒకే పొడవులో వచ్చేలా చేయొచ్చా?

జవాబు 1:
ఒకే పొడవు మీద ఆధారపడకండి. ప్రతి బ్లాక్‌కీ ఒక థ్రెడ్, ప్రతి అవుట్‌పుట్‌కీ ఒక వలయాకార బఫర్ ఉంటాయి. ఇన్‌పుట్‌లో ఎంత పేరుకుంది, అవుట్‌పుట్‌లో ఎంత ఖాళీ ఉంది అన్నది చూసి, బ్లాకుల్ని నడిపించే షెడ్యూలర్ అప్పటికప్పుడు పొడవు తేలుస్తుంది. ఒక్క విడతలో సగం బఫర్ మించి అడగదు, 4096 అక్కణ్ణుంచే వచ్చింది.

టిక్కులకి కారణం ఆ సున్నానే. ముక్క ముగిసిన ప్రతిచోటా ఒక తప్పు శాంపిల్ ఆడియోలోకి పోతోంది. బ్లాక్ ఇనిట్‌లో (మొదట ఒకసారి నడిచే భాగం) సెట్_హిస్టరీ(2) పెట్టండి. అప్పుడు n అవుట్‌పుట్‌లకి n+1 ఇన్‌పుట్‌లు అందుతాయి, అంటే గత ముక్కలోని చివరి శాంపిల్ ఈ ముక్క మొదట్లో ఉంటుంది. అవుట్‌పుట్ పొడవుని n అనుకుని, ఇన్‌పుట్‌లో మొదటి n+1 మాత్రమే తీసుకుని తేడా కట్టండి. సున్నాతో పనే ఉండదు.

జవాబు 2:
ఆలస్యం సంగతి. బఫర్ సైజు బైట్లలో ఉంటుంది, సమయంలో కాదు. మామూలుగా 65,536 బైట్లు. కాంప్లెక్స్ శాంపిల్ 8 బైట్లు కాబట్టి సోర్స్ దగ్గర 8192 పడతాయి, ఆ రేటుకి అది 3.4 మిల్లీసెకన్లే. అవే బైట్లు 48 కిలోహెర్ట్జ్ ఫ్లోట్ (శాంపిల్‌కి 4 బైట్లు) దగ్గర 16,384 శాంపిల్స్, అంటే 341 మిల్లీసెకన్లు! ఆడియో పరికరం తెరుచుకునేలోపు అక్కడ పేరుకున్నది, రెండు వైపులా రేటు సమానమైతే ఎప్పటికీ కరగదు. చివరి ఫిల్టర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో మ్యాక్స్ అవుట్‌పుట్ బఫర్ 2048 ఇవ్వండి, సుమారు 43 మిల్లీసెకన్లకి దిగుతుంది. 1024 కిందికి వెళ్లి లాభం లేదు, బఫర్‌ని 4096 బైట్ల పేజీల లెక్కనే కేటాయిస్తారు. అన్ని బ్లాకులకీ తగ్గించకండి: ముక్కలు చిన్నవైతే పైథాన్ బ్లాక్‌ని పిలిచే ఖర్చే సీపీయూని తినేస్తుంది.

థ్రాటిల్ తీసేయండి. హార్డ్‌వేర్ ఏదీ లేని ఫ్లోగ్రాఫ్‌లోనే (బ్లాకుల వరసలోనే) దాని అవసరం.

ప్రశ్న అడిగినవారు:
థ్రాటిల్ తీశాక ఏయూలు బాగా తగ్గాయి, కానీ చాలాసేపు నడిపితే అప్పుడప్పుడూ ఒకటి పడుతోంది. సీపీయూ ఖాళీగానే ఉంది.

జవాబు 1:
ఇప్పుడు మిగిలినవి రెండు గడియారాలు. డాంగిల్ క్రిస్టల్ వేరు, సౌండ్ కార్డ్ క్రిస్టల్ వేరు. మధ్య 20 పీపీఎం (పది లక్షలకి 20) తేడా ఉంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకి దాదాపు ఒక శాంపిల్. కార్డ్ వేగంగా ఉంటే నిల్వ తరిగి తరిగి ఏయూ పడుతుంది, మీది అదే. నిదానంగా ఉంటే బఫర్లు వెనక నుంచి ముందుకి ఒక్కొక్కటే నిండి, ఆ ఒత్తిడి సోర్స్ దాకా పాకుతుంది. మామూలు బ్లాక్ అయితే ఆగుతుంది, యాంటెనా ఆగదు కదా, శాంపిల్స్ పోయి టెర్మినల్‌లో 'O' అనే అక్షరం కనబడుతుంది. ఆ రెండో రకానికి ఆడియో సింక్‌లో ఓకే టు బ్లాక్‌ని (ఖాళీ కోసం ఆగొచ్చా అన్న సెట్టింగ్) నో చేస్తే సరిపోతుంది: పట్టనివి అక్కడే పారేస్తుంది, ఆలస్యం పెరగదు.

మీకు మాత్రం సింక్ ముందు ఎంఎంఎస్‌ఈ రీశాంప్లర్ (శాంపిల్ రేటుని రవ్వంత మార్చగల బ్లాక్) కావాలి. నిష్పత్తిని 1 కన్నా రవ్వంత తక్కువ, 0.99998 తో మొదలుపెట్టండి. ఇన్‌పుట్ కంటే అవుట్‌పుట్ కాస్త ఎక్కువొస్తుంది. ఏయూ ఆగేదాకా ఆఖరి అంకె కదపండి.