వైజాగ్ నుంచి చెన్నై ట్రాక్‌డేకి: టైర్లు, బ్రేక్ ఆయిల్, హెల్మెట్‌పై సలహా కావాలి

కారు హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, టైరు సైజు 195/55 ఆర్16. వైజాగ్ నుంచి దాదాపు 800 కిలోమీటర్లు నడుపుకుంటూ శ్రీపెరుంబుదూర్ దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్‌డేకి (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) వెళ్లి, అవే టైర్లతో వెనక్కి రావాలి. ఇంకో సెట్ మోసుకెళ్లే వీల్లేదు.

టైర్ల తయారీ కోడ్ 3521, అంటే 2021లో 35వ వారం. గాడి 4 మి.మీ. ఉంది గానీ రబ్బరు గట్టిపడింది. మార్చేయడమే మేలనిపిస్తోంది. మెత్తటి రబ్బరు టైరు ట్రాక్‌లో బాగా పట్టుకుంటుంది, హైవేలో త్వరగా అరిగిపోతుంది. గట్టి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ), వానలో పట్టు రెండూ ఉన్న టైరు ఈ సైజులో ఏది?

అసలు సందేహం గాలి గురించి. చల్లగా ఉన్నప్పుడు 33 పీఎస్ఐ పెడితే నాలుగైదు ల్యాపులకే 38 దాటుతుంది, ముందు టైర్లు పట్టు వదిలేస్తాయి. వేడి మీద 34కి దించితే, చల్లారాక 30 కిందికి పడిపోతుంది. హైవే ఎక్కే ముందు మళ్లీ నింపాల్సిందే. మొదలే 29 పెడితే ముందు టైర్ల అంచులు అరిగిపోతాయా? మలుపుల్లో టైరు ఎంత ఒరుగుతోందో చూడ్డానికి సైడ్‌వాల్ మీద గీసే చాక్‌పీస్ గీత ఎంతవరకు చెరిగితే సరైనట్టు?

బ్రేక్ ఆయిల్ డాట్ 4 రకం. తాజాగా ఉంటే కనీసం 230 డిగ్రీల వరకు మరగదు, తేమ పీల్చాక 155కే మరగొచ్చు. ఆవిరి బుడగలు చేరితే పెడల్ లోపలికి దిగిపోతుంది. మన సముద్రపు గాలిలో రెండేళ్లు ఆగకుండా మార్చాలనే నా ఉద్దేశం. ఇంకా ఎక్కువ వేడికి గానీ మరగని డాట్ 5.1 రకం పోస్తే చాలా, ప్యాడ్లు కూడా మార్చాలా?

హెల్మెట్ స్నెల్ ఎస్ఏ2020 (కారు రేసింగ్ హెల్మెట్ల భద్రతా ప్రమాణం) రేటింగు ఉన్నది చూస్తున్నాను. స్నెల్‌లోనే ఎం రేటింగు బైకులకి, దాంట్లో మంటని తట్టుకునే లైనింగ్ తప్పనిసరి కాదు. వైజాగ్‌లో తలకి పెట్టి చూసి కొనే షాపు ఎక్కడైనా ఉందా?